ఫరూక్ హాజిబెగిచ్: ఒక్క పెనాల్టీకి ముందూ వెనుకా ఉన్న జీవితం (తరచుగా అడిగే ప్రశ్నలు)

1990 ప్రపంచకప్ గురించి మాట్లాడేటప్పుడు ఫరూక్ హాజిబెగిచ్ పేరు ఒకే ఒక్క సందర్భంలో వస్తుంది. ఫ్లోరెన్స్‌లో అర్జెంటీనాపై ఆయన కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేసిన సందర్భం అది. అంతకు ముందు ఆయన ఏం ఆడారో, ఆ తర్వాత ముప్పై ఏళ్ల పాటు కోచ్‌గా ఏం చేశారో చాలామందికి తెలియదు. ఆ లోటు తీర్చాలనే ఈ ప్రశ్నలూ జవాబులూ. పెనాల్టీ గురించి కూడా రాశాను, ఎందుకంటే దాని గురించి జనం నమ్మే మాటల్లో సగం తప్పు.

ఎవరీ ఫరూక్ హాజిబెగిచ్?

బోస్నియా రాజధాని సరయెవోలో 1957 అక్టోబర్ 7న పుట్టిన డిఫెండర్. సొంత ఊరి క్లబ్ ఎఫ్‌కే సరయెవోకు, స్పెయిన్‌లో రియల్ బెటిస్‌కు, ఫ్రాన్స్‌లో సోషో, టూలూజ్ క్లబ్బులకు ఆడారు. 1982 నుంచి 1992 వరకు యుగొస్లావియా జాతీయ జట్టుకు 61 మ్యాచ్‌లు ఆడి 6 గోల్స్ చేశారు. ఆట మానేశాక కోచ్ అయ్యారు. బోస్నియా జాతీయ జట్టుకు రెండుసార్లు, మోంటెనెగ్రో జట్టుకు ఒకసారి శిక్షణ ఇచ్చారు. మధ్యలో ఎక్కువ కాలం ఫ్రెంచ్ క్లబ్బులతో గడిపారు.

పేరు ఎలా పలకాలి? దానికి అర్థం ఉందా?

"హాజిబెగిచ్" అని పలికితే సరిపోతుంది. తెలుగువాళ్లకు ఈ పేరు విప్పి చెప్పడం చాలా తేలిక. హాజీ, బేగ్, ఇచ్. హజ్ యాత్ర చేసి వచ్చినవాడు హాజీ. బేగ్ అన్నది మన హైదరాబాదులో ఎన్నో ఇళ్ల పేర్ల చివర వినిపించే మాటే. "ఇచ్" అంటే ఆ వంశంవాడని అర్థం, దక్షిణ స్లావ్ భాషల్లో ఇంటిపేర్లకు చివర చేరుతుంది. బోస్నియా 1463 నుంచి 1878 వరకు ఒట్టోమన్ తుర్కుల పాలనలో ఉంది. ఆ నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఈ ఒక్క ఇంటిపేరులో ఇమిడి ఉంది.

ఆయన యుగొస్లావియా ఆటగాడా, బోస్నియా ఆటగాడా?

పుట్టుకతో బోస్నియావారు, ఆడింది యుగొస్లావియాకు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. అప్పట్లో బోస్నియా హెర్జెగోవినా యుగొస్లావియాలోని ఆరు గణతంత్రాల్లో ఒకటి. స్వతంత్ర బోస్నియా తన మొదటి అధికారిక మ్యాచ్‌ను 1995 నవంబర్ 30న అల్బేనియాతో ఆడే నాటికి ఆయన ఆట జీవితం ముగిసిపోయింది. అందుకే బోస్నియా జెర్సీ వేసుకుని మైదానంలోకి దిగే అవకాశం ఆయనకు రాలేదు. ఆ దేశంతో అనుబంధం మైదానం గీత అవతల, కోచ్ నిలబడే చోట మొదలైంది.

సొంత ఊరి క్లబ్బుకు ఏం సాధించి పెట్టారు?

1984-85 సీజన్‌లో యుగొస్లావియా లీగ్ విజేత ఎఫ్‌కే సరయెవో. ఆ జట్టు రక్షణ వరుసకు హాజిబెగిచ్ వెన్నెముక. బెల్‌గ్రేడ్, జాగ్రెబ్, స్ప్లిట్ నగరాల పెద్ద క్లబ్బులే టైటిళ్లు పంచుకునే ఆ లీగ్‌లో సరయెవో గెలవడం మామూలు సంగతి కాదు. క్లబ్ చరిత్రలో అది రెండో టైటిల్, మొదటిది 1967లో వచ్చింది. ఆ జట్టులో ప్రెద్రాగ్ పాషిచ్, హుస్రెఫ్ ముసెమిచ్, డావోర్ యోజిచ్ ఉన్నారు. వాళ్ల సొంత మైదానం కోషెవో. ఆ టైటిల్‌కు ఏడాది ముందు, 1984 ఫిబ్రవరిలో, శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జరిగింది కూడా ఆ మైదానంలోనే. ఊరంతా పండుగలా ఉన్న రోజులవి. పదేళ్లు తిరగకముందే ఆ స్టేడియం పక్కనున్న మైదానంలో యుద్ధంలో చనిపోయినవారిని పూడ్చాల్సి వచ్చింది. ఆ సంగతి మరో ప్రశ్నలో చెబుతాను.

అంత ఆలస్యంగా, 28 ఏళ్ల వయసు దగ్గరపడ్డాక విదేశానికి ఎందుకు వెళ్లారు?

వెళ్లనివ్వలేదు కాబట్టి. యుగొస్లావియా ఆటగాళ్లు 28 ఏళ్లు వచ్చేవరకు విదేశీ క్లబ్బులకు ఆడకూడదన్న నిబంధన అప్పట్లో ఉండేది. దానివల్ల దేశవాళీ లీగ్ బలంగా ఉండేది. ఆటగాళ్లు మాత్రం తమ మంచి కాలమంతా ఇంటి దగ్గరే గడిపి, చివరి కొన్నేళ్ల కోసం సంచి సర్దుకునేవారు. 1985లో టైటిల్ గెలిచిన వెంటనే హాజిబెగిచ్ సెవిల్ నగరంలోని రియల్ బెటిస్‌కు వెళ్లారు. అక్కడ ఆడింది రెండేళ్లు.

ఎలాంటి డిఫెండర్?

స్వీపర్. ఈ తరం ప్రేక్షకులు ఆ పాత్రను పెద్దగా చూసి ఉండరు. ప్రత్యర్థి ఫార్వర్డ్‌లను ఒకరికి ఒకరుగా అంటిపెట్టుకునే డిఫెండర్ల వెనుక, గోల్‌కీపర్‌కు ముందు, ఎవరికీ కాపలా కాయకుండా ఒకడు ఉంటాడు. ముందువాళ్లను దాటి వచ్చిన బంతిని తీయడం అతని పని. తీసిన బంతిని తోచినట్టు బయటకు తన్నకుండా, మైదానమంతా చూసి సరైన చోటికి పంపడం అంతకంటే పెద్ద పని. కాలి వేగం కంటే ముందుచూపు ఎక్కువ కావాలి. హాజిబెగిచ్‌కు అది ఉండేది. బంతిని నిలకడగా కొట్టగలిగేవారు కాబట్టి క్లబ్బుల్లోనూ జాతీయ జట్టులోనూ పెనాల్టీలు తీసుకునేవారు. ఫ్లోరెన్స్‌లో ఒక డిఫెండర్ చివరి పెనాల్టీకి ఎందుకు వచ్చాడని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇదే.

సోషోలో అంతకాలం ఎందుకు ఉన్నారు?

సోషో తూర్పు ఫ్రాన్స్‌లో స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరి చిన్న ఊరు. ప్యూజో కార్ల ఫ్యాక్టరీయే ఆ ఊరికి ఆధారం. ఫుట్‌బాల్ క్లబ్‌ను 1928లో నెలకొల్పింది కూడా ప్యూజో కుటుంబమే. 1987లో హాజిబెగిచ్ వచ్చేనాటికి క్లబ్ రెండో డివిజన్‌లోకి పడిపోయి ఉంది. అదే ఏడాది బోస్నియా నుంచి మరొకరు, మిడ్‌ఫీల్డర్ మెహ్మెద్ బజ్దరెవిచ్ కూడా వచ్చాడు. ఈ ఇద్దరూ వచ్చిన మొదటి సీజన్‌లోనే సోషో మొదటి డివిజన్‌కు తిరిగి ఎక్కింది. 1988 ఫ్రెంచ్ కప్ ఫైనల్‌కు కూడా చేరి, మెట్జ్ చేతిలో పెనాల్టీల మీద ఓడింది. ఆ తర్వాతి ఏడాది మొదటి డివిజన్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కార్మికుల ఊరికి తగిన ఆటగాడు హాజిబెగిచ్. హంగులు లేకుండా రోజూ పనికి వచ్చినట్టు ఆడేవారు. 1994 వరకు అక్కడే ఉన్నారు. చివరి సీజన్ టూలూజ్‌లో ఆడి 1995లో బూట్లు విప్పేశారు.

1990 ప్రపంచకప్‌లో యుగొస్లావియా క్వార్టర్ ఫైనల్ దాకా ఎలా వచ్చింది?

మొదటి మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీ చేతిలో 1-4తో ఓడింది. కొలంబియాను 1-0తో, ఐక్య అరబ్ ఎమిరేట్స్‌ను 4-1తో ఓడించింది. ఆ తర్వాత వెరోనాలో స్పెయిన్‌ను అదనపు సమయంలో 2-1తో ఇంటికి పంపింది. స్పెయిన్‌పై రెండు గోల్సూ డ్రాగన్ స్టోయ్‌కోవిచ్‌వే. చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే గోల్స్ అవి.

ఇక్కడ మరిచిపోకూడని విషయం ఒకటుంది. కొలంబియాతో మ్యాచ్‌లో హాజిబెగిచ్ కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ హిగీటా ఆపేశాడు. అంటే ఫ్లోరెన్స్‌లో అయిదో పెనాల్టీకి నడిచి వెళ్లిన మనిషి, రెండు వారాల ముందే అదే టోర్నీలో ఒక పెనాల్టీ తప్పినవాడు. తెలిసి తెలిసి మళ్లీ ముందుకు వచ్చారు. ఆయన గురించి నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన విషయం ఇది.

ఫ్లోరెన్స్‌లో 1990 జూన్ 30న అసలేం జరిగింది?

మ్యాచ్ సాయంత్రం అయిదు గంటలకు, ఇటలీ వేసవి ఎండలో మొదలైంది. 31వ నిమిషంలో మారడోనాను అడ్డుకోబోయి రెండో పసుపు కార్డు అందుకున్న రెఫిక్ షబనాజోవిచ్ మైదానం వదిలాడు. అప్పటి నుంచి అదనపు సమయంతో కలిపి దాదాపు తొంభై నిమిషాలు యుగొస్లావియా పదిమందితో ఆడింది. ప్రపంచ విజేతగా వచ్చిన అర్జెంటీనాకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. పదిమందిగా ఉన్నా ఆటలో పైచేయి చాలాసేపు వాళ్లదే. ఒకడు తక్కువైన రక్షణ వరుసకు వెనుక నిలబడి అంతసేపూ దాన్ని నడిపింది హాజిబెగిచ్. నూట ఇరవై నిమిషాల తర్వాత స్కోరు 0-0.

పెనాల్టీలు అర్జెంటీనా మొదలుపెట్టింది. సెర్రిజువెలా గోల్ చేశాడు. స్టోయ్‌కోవిచ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. బురుచాగా గోల్. ప్రొసినెచ్కి గోల్. మారడోనా కొట్టిన బంతిని యుగొస్లావియా గోల్‌కీపర్ తొమిస్లావ్ ఇవ్‌కోవిచ్ పట్టేశాడు. సవిచెవిచ్ గోల్ చేయడంతో 2-2. ట్రోగ్లియో బంతి గోల్‌పోస్టుకు తగిలింది. బ్రనోవిచ్ ముందుకొస్తే ఆధిక్యం దక్కే అవకాశం, కానీ అర్జెంటీనా గోల్‌కీపర్ గోయ్‌కోచియా ఆపేశాడు. డెజోట్టి గోల్‌తో అర్జెంటీనా 3-2. చివరగా హాజిబెగిచ్. గోయ్‌కోచియా దాన్నీ ఆపేశాడు.

ఆ గోయ్‌కోచియా అర్జెంటీనాకు అసలు గోల్‌కీపర్ కూడా కాదు. సోవియట్ యూనియన్‌తో మ్యాచ్‌లో పుంపీదో కాలు విరగడంతో లోపలికి వచ్చినవాడు. సెమీఫైనల్‌లో ఇటలీని కూడా పెనాల్టీల మీదే ఇంటికి పంపాడు.

ఆయన గోల్ కొట్టి ఉంటే యుగొస్లావియా గెలిచేదా?

లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆయన గోల్ చేసి ఉంటే స్కోరు 3-3 అయ్యేది. అప్పుడు ఒక్కొక్క పెనాల్టీగా మరో విడత మొదలయ్యేది, అంతే. ఓటమిని ఆయన వాయిదా వేయగలిగేవారు, గెలుపును తెచ్చి పెట్టగలిగేవారు కాదు. ఆ రోజు అయిదుగురిలో ముగ్గురు గోల్ చేయలేదు. స్టోయ్‌కోవిచ్, బ్రనోవిచ్‌ల తర్వాత మూడోవాడు హాజిబెగిచ్. నింద మాత్రం చివరివాడి మీదే పడింది. వరుసలో చివర నిలబడటం ఒక్కటే ఆయన చేసిన తప్పు.

మారడోనా కూడా తప్పాడు కదా, అది ఎవరికీ ఎందుకు గుర్తుండదు?

అతని జట్టు గెలిచింది కాబట్టి. ఇవ్‌కోవిచ్ అంతకు ముందు ఏడాది కూడా మారడోనాను పెనాల్టీలో ఆపాడు. అప్పుడు ఇవ్‌కోవిచ్ పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌కు, మారడోనా ఇటలీ క్లబ్ నాపోలీకి యూయీఎఫ్‌ఏ కప్‌లో ఆడుతున్నారు. ఒకే గోల్‌కీపర్ మారడోనాను రెండుసార్లు ఆపినా అది చిన్న విశేషంగానే మిగిలిపోయింది.

ఆ పెనాల్టీ గోల్ అయి ఉంటే యుగొస్లావియా విడిపోయేది కాదంటారు. నిజమేనా?

ఈ మాట బాల్కన్ దేశాల్లో మూడు దశాబ్దాలుగా నలుగుతోంది. దాని మీద ఇటలీలో ఒక పుస్తకమే వచ్చింది. హాజిబెగిచ్ ఎక్కడికి వెళ్లినా ఈ ప్రశ్న ఆయన వెంట వెళుతుంది. అడిగేవాళ్లలో కోపం కంటే బాధే ఎక్కువ. దేశం పోయినవాళ్లు అది ఎక్కడ పోయిందో వెతుక్కుంటూ ఉంటారు. బంతి ఆగిన చోటు కంటికి కనిపిస్తుంది, దేశం విరిగిన చోటు కనిపించదు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుంది. 1990 ఏప్రిల్, మే నెలల్లోనే స్లొవేనియాలో, క్రొయేషియాలో బహుళ పార్టీ ఎన్నికలు జరిగి కొత్త ప్రభుత్వాలు వచ్చాయి. మే 13న జాగ్రెబ్‌లోని మక్సిమిర్ స్టేడియంలో డినమో జాగ్రెబ్, రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ మ్యాచ్ మొదలు కాకముందే అభిమానుల మధ్య పెద్ద కొట్లాట జరిగింది. జూన్ 3న అదే నగరంలో నెదర్లాండ్స్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌లో సొంత దేశ జాతీయ గీతాన్ని ప్రేక్షకులు ఈలలు వేసి అవమానించారు. ప్రపంచకప్‌కు జట్టు బయలుదేరే ముందు పరిస్థితి ఇది. హాజిబెగిచ్ బంతిని గుర్తు మీద పెట్టే సమయానికి ఆ ఇంటి గోడలు అప్పటికే బీటలు వారి ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి, 1991 జూన్ 25న, స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. సెమీఫైనల్ ఆడినంత మాత్రాన ఇవేవీ ఆగేవి కావు. ఒక దేశపు పతనాన్ని ఒక మనిషి కుడికాలి మీద మోపడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

అయినా ఆ ఊహ అంతగా పాకడానికి కారణం ఉంది. ఆ జట్టు చూడటానికి దేశంలాగే ఉండేది. బోస్నియా నుంచి హాజిబెగిచ్, యోజిచ్. నిష్ నుంచి స్టోయ్‌కోవిచ్. మోంటెనెగ్రో నుంచి సవిచెవిచ్, బ్రనోవిచ్. మాసిడోనియా నుంచి పాన్చెవ్. స్లొవేనియా నుంచి కతానెచ్. క్రొయేషియా కుర్రాళ్లు ప్రొసినెచ్కి, షుకెర్, బోక్సిచ్, యార్నీ. మైదానంలో కలిసి ఉండగలిగినవాళ్లు బయట కూడా కలిసి ఉండగలరని నమ్మాలని జనానికి అనిపించింది.

యుగొస్లావియా చివరి మ్యాచ్‌లో కెప్టెన్ ఆయనేనా?

అవును. 1992 మార్చి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్‌తో జరిగిన మ్యాచ్ అది. 0-2తో ఓడిపోయారు. కొద్ది రోజుల్లోనే, ఏప్రిల్ మొదటి వారంలో, సరయెవో ముట్టడి మొదలైంది. హాజిబెగిచ్ చేతికి కట్టుకున్న కెప్టెన్ పట్టీ ఆ పాత యుగొస్లావియాకు ఆఖరిది.

మరి 1992 యూరో కప్ ఎందుకు ఆడలేదు?

అర్హత పోటీల్లో యుగొస్లావియా గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది. డెన్మార్క్ కంటే ఒక్క పాయింటు ఎక్కువ. 1992 మే 30న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షలు విధించడంతో జట్టును టోర్నీ నుంచి తొలగించారు. ఆ స్థానం డెన్మార్క్‌కు దక్కింది. పిలుపు అందిన కొద్ది రోజుల్లో స్వీడన్‌కు వెళ్లిన డెన్మార్క్ ఏకంగా కప్పే గెలుచుకుంది.

కోచ్ ఇవిత్సా ఒసిమ్ రాజీనామా సంగతి ఏమిటి?

ఒసిమ్ కూడా సరయెవో బిడ్డే. 1992 మే నెలలో, యూరో కప్‌కు కొద్ది రోజుల ముందు, జాతీయ జట్టు కోచ్ పదవి వదిలేశారు. భార్య, కుమార్తె ముట్టడిలో ఉన్న నగరంలో చిక్కుకుని ఉన్నారు. తాను పుట్టిన నగరం కోసం చేయగలిగింది ఇదొక్కటేనని విలేకరుల ముందు కంటతడితో చెప్పారు. ఆయన 2022 మే 1న కన్నుమూశారు. బోస్నియాలో ఒసిమ్‌ను కోచ్‌గా కంటే ఇంటి పెద్దగా తలచుకుంటారు.

యుద్ధంలో ఆయన పాత క్లబ్బు, సహచరులు ఏమయ్యారు?

సరయెవో ముట్టడి 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు, 1,425 రోజులు సాగింది. కోషెవో పక్కన ఆటగాళ్లు సాధన చేసే మైదానం శ్మశానంగా మారింది. 1985 టైటిల్ జట్టులోని ప్రెద్రాగ్ పాషిచ్ నగరం వదిలి వెళ్లలేదు. 1993లో షెల్స్ పడుతుండగానే పిల్లల కోసం ఫుట్‌బాల్ పాఠశాల పెట్టాడు. దానికి బుబమారా అని పేరు. ఆ భాషలో అది ఎర్రటి రెక్కల మీద నల్లచుక్కలుండే చిన్న పురుగు. సెర్బు, క్రొయేటు, ముస్లిం అన్న తేడా లేకుండా పిల్లలు కాల్పుల మధ్య నుంచే ఆటకు వచ్చేవారు.

ఆ ముట్టడిని నడిపించిన రాజకీయ నాయకుడు రాడోవాన్ కరాజిచ్. 1980లలో కొంతకాలం అతను ఎఫ్‌కే సరయెవో జట్టుకే మానసిక వైద్యుడిగా పనిచేశాడు. ఆటగాళ్ల పక్కన కూర్చుని ఒకరినొకరు నమ్మడం గురించి చెప్పినవాడే తర్వాత ఆ ఊరి మీదికి ఫిరంగులు గురిపెట్టించాడు. ఈ వాక్యం రాసేటప్పుడు ఇప్పటికీ చేయి ఆగుతుంది. హేగ్ న్యాయస్థానం 2019లో అతనికి యావజ్జీవ శిక్ష ఖరారు చేసింది.

కోచ్‌గా మొదలుపెట్టింది ఎక్కడ?

సోషోలోనే. ఏడేళ్లు ఆడిన క్లబ్బుకే కోచ్‌గా తిరిగి వచ్చి, 1998లో దాన్ని మళ్లీ మొదటి డివిజన్‌కు ఎక్కించారు. పది సంవత్సరాల తేడాతో ఒకే క్లబ్బును ఆటగాడిగా ఒకసారి, కోచ్‌గా ఒకసారి పైకి తీసుకెళ్లిన మనిషి ఆయన. పై డివిజన్‌లో మాత్రం ఆ జట్టు నిలదొక్కుకోలేకపోయింది.

జట్లను కిందికి దించే కోచ్ అని ఎందుకంటారు?

లెక్కలు చూస్తే ఆ మాట వినిపించడం సహజమే. 2000లో సీజన్ చివరి రోజుల్లో రియల్ బెటిస్ పగ్గాలు తీసుకున్నారు, బెటిస్ కిందికి పడిపోయింది. 2009-10లో మధ్యలో బాస్టియాకు వెళ్లారు, బాస్టియా మూడో డివిజన్‌కు పడింది. 2010-11లో ఆర్ల్-అవిన్యోఁ 38 మ్యాచ్‌ల్లో మూడే గెలిచి 20 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. 2018-19లో పారిస్ శివారు క్లబ్ రెడ్ స్టార్‌దీ అదే కథ.

కానీ ఈ జాబితాలో ఒక పోలిక కనిపిస్తుంది. దాదాపు ప్రతిచోటా ఆయన్ని పిలిచింది సీజన్ సగంలో, మరో కోచ్‌ను తీసేశాక, పాయింట్లు లేని జట్టును అప్పగించడానికి. ఆర్ల్-అవిన్యోఁ అన్నది చరిత్రలో మొదటిసారి పై డివిజన్‌కు వచ్చిన చిన్న క్లబ్బు. మంటలు అంటుకున్నాక పిలిచే మనిషిని ఇల్లు ఎందుకు కాలిందని అడగడం సరికాదు. 2016లో వలెన్సియెన్‌కు ఇలాగే కష్టకాలంలో వచ్చి, జట్టును రెండో డివిజన్‌లో నిలబెట్టారు. దిజోఁలో 2007 నుంచి 2009 వరకు రెండు పూర్తి సీజన్లు స్థిరంగా పనిచేశారు. సమయం దొరికిన చోట ఆయన పని బాగానే సాగింది.

గొప్ప కోచ్ అని నేను వాదించను. బోస్నియాకే చెందిన కోచ్ వాహిద్ హలిల్‌హోజిచ్ లాగా ఆఫ్రికా జట్లను ప్రపంచకప్‌కు నడిపించిన చరిత్ర ఆయనకు లేదు. కష్టమైన పని వస్తే కాదనకపోవడం మాత్రం ఉంది.

మోంటెనెగ్రో జట్టుకు ఎలా వచ్చారు?

2019 జూన్‌లో, సెర్బియా దేశంగా గుర్తించని కొసోవోతో మ్యాచ్‌కు జట్టును నడపడానికి నిరాకరించిన సెర్బియా కోచ్ తుంబకోవిచ్‌ను మోంటెనెగ్రో తొలగించింది. జులైలో ఆ స్థానంలోకి హాజిబెగిచ్ వచ్చారు. అప్పుడు మోంటెనెగ్రో ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు దేజాన్ సవిచెవిచ్. ఫ్లోరెన్స్‌లో మూడో పెనాల్టీని గోల్‌గా మార్చింది అతనే.

నవంబర్‌లో వెంబ్లీలో ఇంగ్లండ్ చేతిలో 0-7తో ఓడారు. అది ఇంగ్లండ్‌కు వెయ్యవ అంతర్జాతీయ మ్యాచ్. అలాంటి ఓటమి తర్వాత చాలామంది కోచ్‌లు తిరిగి లేవరు. తర్వాతి ఏడాది నేషన్స్ లీగ్‌లో లగ్జెంబర్గ్, అజర్‌బైజాన్, సైప్రస్ ఉన్న గ్రూపులో మోంటెనెగ్రోను మొదటి స్థానంలో నిలిపి, పై శ్రేణికి తీసుకెళ్లారు. ఆ ఏడాది చివర్లో పదవి వదిలారు.

బోస్నియాకు కోచ్‌గా రెండుసార్లు ఎలా సాగింది?

1999లో మొదటిసారి కొద్దికాలమే. 2023 జనవరిలో మళ్లీ పిలిచారు. మార్చి 23న జెనిత్సాలో ఐస్‌లాండ్‌పై 3-0 గెలుపుతో ఊరు ఉప్పొంగింది. తర్వాత స్లొవేకియా చేతిలో 0-2, పోర్చుగల్ చేతిలో 0-3, సొంతగడ్డపై లగ్జెంబర్గ్ చేతిలో 0-2. నాలుగు అధికారిక మ్యాచ్‌లతోనే సెలవు చెప్పారు. లగ్జెంబర్గ్‌తో ఓటమి తర్వాత జనం కోపం న్యాయమైనదే. కానీ ఆ ఏడాదే ఆయన తర్వాత బోస్నియాకు మరో ఇద్దరు కోచ్‌లు వచ్చారు. తప్పు ఒక్కరిదే అయితే అలా జరగదు.

ఆ రోజు పెనాల్టీలు కొట్టిన మిగతా నలుగురు తర్వాత ఏమయ్యారు?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడగాలనే నేను చేర్చాను.

స్టోయ్‌కోవిచ్ 2021లో సెర్బియా కోచ్ అయి 2022 ప్రపంచకప్‌కు తీసుకెళ్లాడు. ప్రొసినెచ్కి 2018లో బోస్నియాకు, 2024లో మోంటెనెగ్రోకు కోచ్ అయ్యాడు. సవిచెవిచ్ యుగొస్లావియా పేరుతో సెర్బియా, మోంటెనెగ్రో కలిసి ఉన్న రోజుల్లో ఆ జాతీయ జట్టుకు కోచ్‌గా పనిచేసి, తర్వాత మోంటెనెగ్రో ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. బ్రనోవిచ్ తమ్ముడు బ్రాంకో 2011 నుంచి 2015 వరకు మోంటెనెగ్రో కోచ్‌గా ఉన్నాడు. అయిదోవాడు హాజిబెగిచ్.

అయిదుగురిలో నలుగురు జాతీయ జట్ల కోచ్‌లు అయ్యారు. అంతేకాదు, క్రొయేషియాకు ఆడినవాడు బోస్నియాకు శిక్షణ ఇచ్చాడు. సరయెవో మనిషిని మోంటెనెగ్రోవాళ్లు పిలిచి కూర్చోబెట్టారు. యుద్ధం గీసిన సరిహద్దులను వాళ్లు పాత స్నేహాలతో దాటుతూ వచ్చారు. ఫ్లోరెన్స్ గురించి ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాల్సి వస్తే నేను దీన్నే గుర్తుపెట్టుకుంటాను.

తెలుగువాళ్లకు యుగొస్లావియా ఫుట్‌బాల్‌తో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ హైదరాబాదు ద్వారా. హైదరాబాదుకు చెందిన ఎస్.ఏ.రహీమ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరింది. అక్కడ 1-4తో ఓడించింది యుగొస్లావియాయే. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరామ్, హైదరాబాదీ జుల్ఫికరుద్దీన్ ఆ జట్టులోని వాళ్లే. అంతకు ముందు 1952 హెల్సింకీలో 1-10తో చిత్తు చేసింది కూడా ఆ దేశమే. అప్పుడు మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్లలో పది గోల్స్ నాలుగుకు తగ్గాయంటే రహీమ్ సాబ్ ఎంత పని చేశారో తెలుస్తుంది.

మెహ్మెద్ బజ్దరెవిచ్, హాజిబెగిచ్ ఒక్కరేనా?

కాదు. ఇద్దరూ బోస్నియావారు, ఇద్దరూ సోషోకు ఆడారు, ఇద్దరూ బోస్నియాకు కోచ్‌లుగా చేశారు కాబట్టి కలిపేస్తుంటారు. బజ్దరెవిచ్ మిడ్‌ఫీల్డర్. నిషేధం కారణంగా 1990 ప్రపంచకప్‌కు దూరమయ్యాడు.

ఫ్లోరెన్స్ మ్యాచ్ ఇప్పుడు చూడాలనుకుంటే ఏం గమనించాలి?

పెనాల్టీల దగ్గరికి నేరుగా వెళ్లకండి. 31వ నిమిషం నుంచి చూడండి. పదిమందితో ఉన్న జట్టు వెనుక, గోల్‌కీపర్‌కు కాస్త ముందు నిలబడి చేత్తో దారి చూపుతూ, మారడోనా పంపిన బంతులను ఒక్కొక్కటిగా తీస్తున్న ఆ 32 ఏళ్ల మనిషిని చూడండి. తొంభై నిమిషాల పాటు ఆయన్నే చూశాక చివరి పెనాల్టీకి రండి. మధ్య గీత దగ్గర నుంచి పెనాల్టీ గుర్తు వరకు ఆయన ఒక్కరే నడుస్తుంటారు.